స్కూలు నుంచి రోజూ ఫోన్లే, "టీసీ తీసుకోండి" అంటున్నారు. మా బాబు గురించి స్కూల్లో ఎట్లా మాట్లాడాలి?

కుట్టుమిషన్_అమ్మ

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి.

మా బాబుకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. మాది జగిత్యాల దగ్గర పల్లెటూరు, పిల్లల చదువని రెండేళ్ళ కింద కరీంనగర్‌లో కిరాయికి దిగాం. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు, ఏడాదికోసారి నెల రోజులు వచ్చి పోతారు. ఇంట్లో నేను, అత్తమ్మ, బాబు, యూకేజీ చదివే పాప.

ఈ ఏడు బడి తెరిచిన దగ్గర్నుంచి స్కూలు నంబరు కనిపిస్తే చాలు నా గుండె దడ. "మీ బాబు పక్క పిల్లాణ్ణి కొట్టాడు", "నోట్‌బుక్ చింపేశాడు", "బెంచీ కింద దూరి బయటికి రావట్లేదు, వచ్చి తీసుకుపోండి". నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, కుట్టేది మిషన్ మీదే వదిలేసి ఆటో ఎక్కడమే పనైంది. పోయిన వారం నేను వెళ్ళేసరికి వాణ్ణి ఫస్ట్ క్లాసులో వెనక బెంచీలో కూర్చోబెట్టి ఉంచారు. ఆ చిన్నపిల్లలంతా వెనక్కి తిరిగి చూసి నవ్వుతున్నారు. వీడు తల దించుకుని షూ లేసు విప్పుతున్నాడు, కడుతున్నాడు, మళ్ళీ విప్పుతున్నాడు. నన్ను చూసి కూడా లేవలేదు.

ఇంట్లో ఇంత గొడవ లేదండి. మొండితనం ఉంది, కాదనను. కానీ చెల్లెల్ని బాగా చూసుకుంటాడు, నాకు సూదిలో దారం ఎక్కించి ఇస్తాడు, సైకిల్ చైన్ ఊడితే వాడే వేసుకుంటాడు. హోంవర్క్ దగ్గర మాత్రం రోజూ యుద్ధమే. ప్రిన్సిపాల్ మేడమ్ ఏమో "తండ్రి దగ్గర లేడు, మీరు గారాబం చేశారు, ఎస్ఏ వన్ పరీక్షలు అయ్యాక టీసీ తీసుకోండి" అన్నారు. అత్తమ్మ దిష్టి తీసింది, కొండగట్టుకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. నేను కూడా రెండు దెబ్బలు వేశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

నా ప్రశ్న ఒక్కటే. స్కూలు వాళ్ళు వాడికి సాయం చేయాలంటే నేను ఎట్లా అడగాలి? వెళ్ళిన ప్రతిసారీ సారీ చెప్పి వస్తున్నాను. ఆ ఏసీ గదిలో కూర్చుంటే నాకు నోరు పెగలదు.

చాక్‌పీస్ పంతులు

అమ్మా, నేను ప్రభుత్వ బడిలో టీచర్ని, ఖమ్మం వైపు. ప్రైవేటులో కూడా ఆరేళ్ళు చేశాను కాబట్టి అవతలి గదిలో ఏం జరుగుతుందో చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మీ క్లాస్ టీచరుకు నలభై మంది పైన పిల్లలు ఉంటారు, రోజుకు ఆరేడు పీరియడ్లు, కరెక్షన్లు, డైరీలు, పైనుంచి సిలబస్ ఎంతైందని అడగడం. ఆవిడ దగ్గరికి వెళ్ళి "మా బాబును కాస్త చూసుకోండి మేడమ్" అంటే ఆవిడ సరేనంటుంది, మరుసటి రోజు ఏం చేయాలో మాత్రం ఆవిడకు తెలియదు. తెలియకనే ఫోన్ చేస్తుంది. కాబట్టి అడిగేది చిన్నదై ఉండాలి, రేపు ఉదయం చేయగలిగేదై ఉండాలి.

ఏం అడగాలో తెలియాలంటే ముందు ఒక పని చేయండి. మీ ఫోన్లో కాల్ హిస్టరీ తీసి స్కూలు నుంచి వచ్చిన ప్రతి ఫోనూ ఏ తేదీ, ఏ వారం, ఎన్ని గంటలకు అని కాగితం మీద రాయండి. పక్కన వాడి టైంటేబుల్ పెట్టుకోండి. అన్ని వేళలా ఒకేలా గొడవ చేసే పిల్లలు నాకు చాలా తక్కువ మంది తగిలారు. కొందరికి భోజనం తర్వాత, కొందరికి ఫలానా పిల్లాడు పక్కనుంటే, కొందరికి బోర్డు మీది రాయమన్నప్పుడు. మా బడిలో ఒకమ్మాయి మూడు నెలలు లెక్కల పీరియడ్‌లో ఏడ్చింది, చివరికి చూస్తే బోర్డు కనపడట్లేదు. అందుకే కళ్ళు, చెవులు కూడా ఒకసారి చూపించండి, అది ఒక్క పూట పని.

ఇంకోటి. నాలుగో తరగతి పిల్లాణ్ణి ఫస్ట్ క్లాసులో కూర్చోబెట్టడం క్రమశిక్షణ కాదు, అవమానం. అది ఆపమని అడగడానికి మీకు ఇంగ్లీషు అక్కర్లేదు.

కుట్టుమిషన్_అమ్మ

సార్, రాత్రి కూర్చుని రాశాను. ఫోన్లో ఆగస్టు నుంచే ఉన్నాయి, అంతకు ముందువి పోయాయి. మొత్తం 14 ఫోన్లు. అందులో 11 పొద్దున పదిన్నరకూ పన్నెండుకూ మధ్యనే. టైంటేబుల్ చూస్తే అప్పుడు ఇంగ్లీషు, హిందీ. గేమ్స్, డ్రాయింగ్ ఉన్న టైములో ఒక్కటి కూడా లేదు. లెక్కల పీరియడ్‌లో ఒక్కటే, అదీ స్టేట్‌మెంట్ లెక్కలప్పుడు.

దాంతో అనుమానమొచ్చి వాడి తెలుగు వాచకం తీసి చదవమన్నాను. గడగడా చదివాడు. నాకు సంతోషమైంది. తీరా చూస్తే వాడి వేలు ఒక లైను మీద ఉంది, నోరు రెండు లైన్లు ముందుంది. పాఠం మొత్తం బట్టీ! పేజీ తిప్పి కొత్త పాఠం చదవమంటే "పలక", "గంప" వరకు వచ్చింది, ఒత్తు వస్తే ఆగిపోయాడు. "చెట్టు" అన్న మాటను చేట, చెటు అని రెండు రకాలుగా చదివి, పక్కన బొమ్మ చూసి "మొక్క" అన్నాడు. ఆ తర్వాత పుస్తకం గోడకేసి కొట్టాడు. ఎప్పటిలా నాకు కోపం రాలేదు ఈసారి. నాలుగేళ్ళుగా ఇన్ని ఫీజులు కట్టాం, వీడికి చదవడం రాదని నాకూ తెలియలేదు, వాళ్ళకూ తెలియలేదా?

నిద్రలేని_నాన్న

మేడమ్, మీ పోస్టు చదివి మా ఇంట్లో సంగతే రాశారనుకున్నానండి. మాది విజయవాడ, ఇప్పుడు అల్వాల్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి డిస్లెక్సియా, అంటే తెలివున్నా చదవడం కుదరకపోవడం, దాంతోపాటు ఏడీహెచ్‌డీ, అంటే నిలకడ లేకపోవడం, ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం. తెలియడానికి ఐదో తరగతి దాకా పట్టింది. అప్పటిదాకా బద్ధకం, పొగరు, సెల్‌ఫోన్ పిచ్చి అని రకరకాల పేర్లు పెట్టాం. మీ వాడిదీ అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ పరీక్ష చేయించాల్సిన లక్షణాలు మాత్రం కనిపిస్తున్నాయి.

సికింద్రాబాద్ బోయినపల్లిలో మనోవికాస్ నగర్ అని ఉంది, అక్కడ మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, పాతవాళ్ళు ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. కరీంనగర్ బస్సు జేబీఎస్‌లో, అంటే జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగితే ఆటోలో కాసేపే. బయట ప్రైవేటు సెంటర్లలో అడిగే డబ్బుతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. ఒక్కరోజులో అయిపోతుందనుకోకండి, రెండు మూడు సార్లు తిరగాలి. తెలివితేటల పరీక్ష వేరు, చదవడం రాయడం పరీక్ష వేరు. వెళ్ళేటప్పుడు పాత నోట్‌బుక్కులు పట్టుకెళ్ళండి, చింపినవి కూడా. మా వాడి డిక్టేషన్ పుస్తకం చూసి అక్కడి మేడమ్‌కు సగం అర్థమైపోయింది. టీచరు నింపాల్సిన ప్రశ్నల కాగితాలు ఇస్తే విసుక్కోకుండా నింపించుకురండి. స్కూలు మొదటిసారి మన పిల్లాడి గురించి ఫిర్యాదు కాకుండా వేరే ఏదైనా రాసేది ఆ కాగితం మీదే.

లెర్నింగ్ డిజెబిలిటీ (డిస్లెక్సియా లాంటి నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బంది) సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళు నిండితేనే ఇస్తారు, మీ వాడికి నిండాయి కాబట్టి ఇబ్బంది లేదు. 14 ఏళ్ళకు, 18కి మళ్ళీ చూస్తారు. సీబీఎస్ఈ పరీక్షల్లో ఈ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు, అవసరమైతే రాసిపెట్టే మనిషిని ఇస్తారు. స్టేట్ సిలబస్‌లోనూ టెన్త్‌కు వెసులుబాట్లు ఉన్నాయి. అది చాలా దూరం, ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకండి.

రిపోర్టు వచ్చాక అందరూ చేసే పొరపాటు ఒకటుంది, మేమూ చేశాం. పన్నెండు పేజీల రిపోర్టు జిరాక్స్ తీసి ప్రిన్సిపాల్ చేతిలో పెట్టి వచ్చాం. అది బీరువాలోకి వెళ్ళింది, క్లాస్ టీచరు కళ్ళబడనే లేదు. రెండోసారి మా ఆవిడ ఒక్క పేజీ తెలుగులో రాసింది. ఇంచుమించు ఇలా:

"నమస్కారం మేడమ్. మా అబ్బాయికి చదవడంలో ఇబ్బంది ఉందని డాక్టర్లు చెప్పారు. తెలివి మామూలుగానే ఉంది. మూడు విషయాల్లో మీ సాయం కావాలి. అందరి ముందూ లేపి పైకి చదివించకండి. మొదటి బెంచీలో, గోడ పక్కన కూర్చోబెట్టండి. కోపం వచ్చినప్పుడు ఐదు నిమిషాలు ఒంటరిగా వదిలేసి, తర్వాత ఒక్కరే మాట్లాడండి, ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరితే ఇంకా ఎక్కువవుతుంది. మా వైపు నుంచి రోజూ సాయంత్రం అరగంట చదివిస్తున్నాం. మూడు వారాల తర్వాత వచ్చి కలుస్తాం. తేదీ."

రెండు కాపీలు. ఒకటి ఆఫీసులో ఇచ్చి రెండో దాని మీద స్టాంపు, సంతకం వేయించుకున్నాం.

లాయర్ని కాదు_కానీ

పైన అందరూ మెత్తగా చెప్పారు కాబట్టి నేను కొంచెం గట్టిగా చెప్తా. అక్కా, టీసీ కావాలని మీ చేత్తో రాసి ఇవ్వకండి. ఇదే అసలు మెలిక. విద్యాహక్కు చట్టం, 2009 నాటిది, 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడానికి లేదు. 2019లో సవరణ వచ్చింది కదా అంటారు, అది ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేయడం గురించి. తీసేయకూడదన్న మాట అట్లాగే ఉంది. ప్రైవేటు బడికీ వర్తిస్తుంది. అందుకే ఏ స్కూలూ "తీసేస్తున్నాం" అని కాగితం ఇవ్వదు, "మీరే తీసుకుపోండి, రికార్డు పాడవకుండా ఉంటుంది" అని మన మీద దయ చూపిస్తున్నట్టు మన చేతే రాయిస్తుంది.

అదే చట్టం 17వ సెక్షన్: కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధమే, చేసినవాళ్ళ మీద క్రమశిక్షణ చర్య తీసుకోవాలి. ఫస్ట్ క్లాసులో కూర్చోబెట్టిన సంగతి తేదీతో రాసి పెట్టుకోండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో మొత్తం 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, లెర్నింగ్ డిజెబిలిటీ అందులో ఒకటి. దాంట్లోనూ 16వ సెక్షనే, విచిత్రంగా. గుర్తింపు ఉన్న బడులు ఇట్లాంటి పిల్లల్ని వీలైనంత తొందరగా గుర్తించి, వాళ్ళకు తగ్గట్టు చెప్పాలని ఉంది. గుర్తించాల్సింది వాళ్ళు, ఇక్కడ గుర్తించింది మీరూ మీ కాల్ హిస్టరీ.

అయితే ఇవేవీ మొదటి రోజే టేబుల్ మీద కొట్టకండి. మా అన్న కొడుకు విషయంలో నేను వీరావేశంతో వెళ్ళి సెక్షన్లు చదివాను. ఆ రోజు నుంచి స్కూలు వాళ్ళు పిల్లాడి మీద ఈగ వాలనివ్వలేదు, అట్లాగే పాఠమూ చెప్పలేదు. ముట్టుకోవడానికే భయపడ్డారు. సంచిలో పెట్టుకుని వెళ్ళండి, బయటికి తీయాల్సి వస్తే ఎంఈవో (మండల విద్యాధికారి), డీఈవో (జిల్లా విద్యాధికారి), ఆ తర్వాత రాష్ట్ర బాలల హక్కుల కమిషన్.

రెండు_జడలు

నా మాట మీలో చాలామందికి నచ్చకపోవచ్చు. మా పాప క్లాసులో ఇట్లాంటి బాబే ఉన్నాడు. స్టీలు స్కేలు విసిరితే మా పాప కనుబొమ్మ పైన మూడు కుట్లు పడ్డాయి. అంగుళం కింద తగిలితే కన్నే పోయేది. స్కూలు వాళ్ళు "ఆ బాబుకు ప్రాబ్లమ్ ఉంది, అర్థం చేసుకోండి" అన్నారు. మా పాప నెల రోజులు బడికి వెళ్ళనని ఏడ్చింది, దాన్ని ఎవరు అర్థం చేసుకున్నారు? హక్కులు అందరికీ ఉంటాయి కదా. మీ బాబు కొట్టిన పిల్లాడి గురించి పోస్టులో ఒక్క ముక్క లేదు.

కుట్టుమిషన్_అమ్మ

లేదండి, మీరన్నది నిజమే. నేను వాడి గురించి ఆలోచించలేదు. నిన్న సాయంత్రం ఆ పిల్లాడి వాళ్ళ ఇల్లు కనుక్కుని వెళ్ళాను, మా బాబును కూడా తీసుకుపోయాను. వాళ్ళమ్మ తలుపు సగమే తీసింది. నేను మాట్లాడుతుంటే ఇద్దరు పిల్లలు మెట్ల మీద కూర్చుని ట్రంప్ కార్డులు ఆడుకున్నారు, కొట్టుకున్నదెవరో, కొట్టించుకున్నదెవరో కూడా తెలియనట్టు! ఆ పిల్లాడు చెప్పాడు, "ఆంటీ, వాడు చదువుతుంటే అందరం నవ్వుతాం, అప్పుడు కొడతాడు" అని. వాళ్ళమ్మ అప్పుడు తలుపు పూర్తిగా తీసింది.

మీ పాప ఇప్పుడు ఎట్లా ఉందండి?

రెండు_జడలు

బాగానే ఉంది. మచ్చ ఉంది. మీరు వెళ్ళి మాట్లాడారంటే మంచి పని చేశారు, మా దగ్గరికి ఎవరూ రాలేదు.

ఎర్రబస్సు

ఇంత తిప్పలెందుకు, వేరే స్కూల్లో వేయండి. మా తమ్ముడి కొడుకును మార్చాక బాగుపడ్డాడు.

చాక్‌పీస్ పంతులు

ఎర్రబస్సు గారూ, మార్చడం తప్పు కాదు, నేనూ కొందరికి చెప్పాను. కానీ కారణం తెలియకుండా మారిస్తే కొత్త బడిలో కూడా ఇంగ్లీషు పీరియడ్ పదిన్నరకే ఉంటుంది.

అమ్మా, ఇంకో సంగతి మర్చిపోయాను. ఇట్లాంటి ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలానికో భవిత కేంద్రం ఉంటుంది, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద నడుస్తుంది. అందులో ఐఈఆర్‌పీలు అని ప్రత్యేక టీచర్లు ఉంటారు. అవి ముఖ్యంగా ప్రభుత్వ బడి పిల్లల కోసమే అయినా వెళ్ళి అడిగితే ఇంట్లో ఎట్లా చదివించాలో చూపిస్తారు. ఒత్తులు ఇసుకలో వేలితో రాయించడం, అక్షరాల అట్టలు కత్తిరించి అతికించడం లాంటివి. మీకు కత్తెర, గుడ్డ ముక్కలు ఇంట్లోనే ఉన్నాయి కదా, గుడ్డతో ఒత్తులు కత్తిరించి ఇవ్వండి, చేత్తో తడిమి గుర్తుపడతాడు.

మీకు రాత్రిళ్ళు మరీ భారంగా ఉంటే 14416కు చేయండి. టెలీ మానస్ అని మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ ఉండవు. పిల్లల కోసమే అనుకోకండి, తల్లులకు కూడా.

కుట్టుమిషన్_అమ్మ

నెలన్నర అయింది, ఏమైందో చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను.

బోయినపల్లికి మూడుసార్లు వెళ్ళొచ్చాం. మొదటిసారి తెల్లవారుజామున నాలుగున్నర బస్సు, వీడు దారంతా కక్కుకున్నాడు. రెండోసారి అత్తమ్మ కూడా వచ్చింది. అక్కడ క్యూలో వేరే పిల్లల్ని, వాళ్ళ తల్లుల్ని చూసి గమ్మున కూర్చుంది, వచ్చేటప్పుడు బస్సులో "వానికి చదువు కండ్లకు ఆనుతలేదు, మనం ఊకె కొట్టినం" అంది. తాయెత్తు మాత్రం తీయనివ్వలేదు, ఉండనీ. రిపోర్టులో తెలివి మామూలుగా ఉందని, చదవడం ఒకటో తరగతి స్థాయిలో ఉందని రాశారు. ఫస్ట్ క్లాస్ అన్న మాట చూడగానే నాకు ఆ వెనక బెంచీ గుర్తొచ్చింది.

నిద్రలేని నాన్న గారు రాసినట్టే ఒక్క పేజీ రాసుకుని వెళ్ళాను. మా ఆయన వీడియో కాల్‌లో ఉంటానన్నారు, వద్దన్నాను, ఆయనకు కోపం ఎక్కువ. ప్రిన్సిపాల్ మేడమ్ మొదట "మాది స్పెషల్ స్కూల్ కాదమ్మా" అన్నారు. నేను కాల్ హిస్టరీ కాగితం ముందు పెట్టాను. దాన్ని ఆవిడ చాలాసేపు చూశారు. "గేమ్స్‌లో ఒక్కటి కూడా లేదా?" అని అడిగి క్లాస్ టీచర్ను పిలిపించారు. పైకి చదివించడం ఆపుతామన్నారు, ముందు బెంచీ ఇస్తామన్నారు, హిందీ డిక్టేషన్‌లో సగం మాటలే అడుగుతామన్నారు. ఫస్ట్ క్లాసులో కూర్చోబెట్టిన సంగతి ఎత్తితే ఆయమ్మ తెలియక చేసిందన్నారు. అబద్ధమని నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఇక మీదట జరగదని అన్నారు కాబట్టి వదిలేశాను. స్టాంపు అడిగితే ఆఫీసులో క్లర్కు "దీనికెందుకు" అన్నాడు, "మా ఆయనకు ఫోటో పంపాలి" అని చెప్పి వేయించుకున్నాను.

ఈ నెలలో మూడే ఫోన్లు. ఒకటి కడుపు నొప్పికి. రెండోది హిందీ మేడమ్ సెలవు పెడితే వేరే సార్ వచ్చి వీణ్ణి లేపి చదవమన్నాడట, ఆయనకు ఎవరూ చెప్పలేదు, మళ్ళీ బెంచీ కిందికి వెళ్ళాడు. మూడోది పోయిన శుక్రవారం, నీళ్ళ బాటిల్ విసిరాడు, ఎందుకో ఇంకా చెప్పలేదు. బాటిల్ పగిలింది, ఎవరికీ తగల్లేదు. టీసీ మాట మళ్ళీ రాలేదు కానీ వచ్చే ఏడు ఏమంటారో తెలియదు.

చాక్‌పీస్ సార్, గుడ్డ ఒత్తులు కుట్టాను, వెల్వెట్ ముక్కలతో. కళ్ళు మూసుకుని తడిమి చెప్తాడు. టవొత్తు, తవొత్తు వచ్చేశాయి, రవొత్తు దగ్గర ఆగాడు. దానికి తోక ఎటు తిప్పాలో నాకే సరిగ్గా కుదరట్లేదు, మీ దగ్గర అట్ట నమూనా ఏదైనా ఉంటే ఇక్కడ ఫోటో పెడతారా?